ఇంగువ డబ్బాలో చెక్క చేప

సెప్టెంబర్ 13, శనివారం

రాగిణి వెళ్ళిపోతోంది. ఆష్‌బర్న్‌కి, ఇక్కణ్ణుంచి పది గంటల డ్రైవ్. వాళ్ళాయనకి అక్కడ ఏదో డేటా సెంటర్‌లో పెద్ద పోస్టు వచ్చిందట. అక్టోబర్ ఐదున ట్రక్కు బుక్ చేశారట. చెరువు గట్టు మీద నిలబడి గాలం రాడ్ విసురుతూ, రేపు వాన పడుతుందన్నంత మామూలుగా చెప్పింది. నేను కంగ్రాట్స్ అన్నాను. అంతకంటే మంచి మాట ఒక్కటీ దొరకలేదు నా మొహానికి.

పదేళ్ళ స్నేహం. ఇద్దరం మొగుళ్ళ ఉద్యోగాల వెంట వచ్చే హెచ్-ఫోర్ వీసా మీద అల్ఫారెట్టాలో దిగాం. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. మొగుళ్ళు ఆఫీసులకి పోయాక గోడలు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకరోజు రాగిణి వాళ్ళ సబ్‌డివిజన్ వెనక చెరువులో ఎవరో ముసలాయన గాలంతో బాస్ చేపలు పడుతుంటే చూశాం. మర్నాడే వెళ్ళి చెరో రాడ్డూ, ల్యూర్లని అమ్మే బొమ్మ ఎరలూ కొన్నాం. ఈ దేశంలో గవర్నమెంటు మాకు ఇచ్చిన మొదటి పర్మిట్ ఫిషింగ్ లైసెన్సే. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. అయినా శనివారం వచ్చిందంటే కాళ్ళు నిలవవు.

పోయేముందు ఒకటి చేద్దాం పద్దూ అంది. నీకు అన్నిటికన్నా ఇష్టమున్న ల్యూర్ నాకియ్యి, నాది నీకిస్త, కొత్తది కొని ఇచ్చుడు కాదు, నిజంగ పానం పెట్టుకున్నది ఇయ్యాలె అంది. అక్టోబర్ నాలుగున, లేక్ లేనియర్‌లో, మన చెట్టు మొద్దు దగ్గర.

సరే అన్నాను. అప్పట్నుంచి ఒక్క చోట కూర్చోలేకపోతున్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

పొద్దుట్నుంచి గరాజ్‌లో గాలం సామాన్ల టాకిల్ బాక్సులు మూడూ బోర్లించి కూర్చున్నాను. అత్తయ్య వచ్చి చూసింది. జులైలో వచ్చిందావిడ, డిసెంబర్ దాకా ఉంటుంది. పిల్లల బొమ్మల్లా ఉన్నాయేంటే ఇవన్నీ అని అడిగింది. చేపలు ఇవి నిజమనుకుని నోట కరుస్తాయి అని చెప్పాను. కరిచాక? బయటికి లాగుతాను. లాగాక? మళ్ళీ వదిలేస్తాను. ఆవిడ భీమవరం మనిషి. నిక్షేపంలాంటి చేపని పట్టి మళ్ళీ నీళ్ళలో పారేస్తావా, చోద్యం కాకపోతే అని చాలాసేపు నా వంక అదోలా చూసింది.

ఏది ఇవ్వాలి? ఒక్కొక్కటీ తీసి చూశాను.

ఊదా రంగు ప్లాస్టిక్ వర్మ్, వానపాములా ఉంటుంది. అన్నిటికన్నా మొదటిది. ఒక్క పాకెట్ కొని రాగిణీ నేనూ సగం సగం పంచుకున్నాం. ద్రాక్షపళ్ళ వాసన వచ్చేది. నా వాటాలో ఒక్కటే మిగిలింది, తోక సగం కొరికేసి ఉంది. నా మొదటి బాస్ కొరికిందే. ఆ రోజు చేపని ఎలా పట్టుకోవాలో తెలీక ఇద్దరం కేకలు పెడుతూ గడ్డి మీద గంతులేశాం.

రబ్బరు కప్ప. మూడు వేసవులు దీన్ని తప్ప ఏదీ ముట్టలేదు. తామరాకుల మీద గెంతిస్తూ తెస్తుంటే కింద నుంచి చేప ఒక్క ఉదుటున వచ్చి పడుతుంది. గుండె ఆగినంత పనవుతుంది. నేనెప్పుడూ కంగారుపడి ముందే లాగేస్తాను. రెండు లెక్కపెట్టి లాగమని రాగిణి వందసార్లు చెప్పుంటుంది. నావల్ల కాలేదు.

స్పిన్నర్‌బైట్. రెండు రేకులు, కింద కుచ్చు. మా ఆయన శశికాంత్ దీన్ని బుట్టకమ్మలు అంటాడు. బంగారంలో చేయించనా అని ఒకసారి వెక్కిరించాడు. చేయించలేదు.

ఇక ఇప్పటిది. ఆకుపచ్చ స్టిక్ వర్మ్, నడుముకి హుక్కు. చూడ్డానికి అచ్చం మునక్కాడ ముక్క. ఏ అందమూ లేదు. కానీ ఎండైనా వానైనా పడేది దీనికే. నాలుగేళ్ళుగా అందరితో నా ఫేవరెట్ ఇదేనని చెబుతున్నాను.

అబద్ధం. నా ఫేవరెట్ ఈ బాక్సుల్లో లేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఆఫీస్ వెనక చెరువు దగ్గర. పొద్దున మీటింగ్‌లో నిన్న మూసేసిన టికెట్ గురించి మళ్ళీ అప్‌డేట్ చెప్పాను. మేనేజర్ బాగానే ఉన్నావా అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. నలభై నిమిషాల్లో ఏడు ల్యూర్లు మార్చాను. ఒక్క చేపా ముట్టలేదు. లంచ్ బాక్స్ కార్‌లోనే ఉండిపోయింది.

సెప్టెంబర్ 18, గురువారం

ఇక్కడైనా రాస్తాను. ఎవరూ చదవరు.

అది చెక్కది. రాగిణి పక్కింట్లో డోరిస్ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ భర్త వాల్టర్ గరాజ్‌లో కూర్చుని తేలికపాటి బాల్సా చెక్కతో చెక్కిన చేప, బొటనవేలంత ఉంటుంది. పొట్టకి ఎరుపు డోరిస్ నెయిల్ పాలిష్. ఆయన చేసినవాటిలో ఆఖరిది. డోరిస్ మోకాలి ఆపరేషన్ తర్వాత రాగిణి నెల రోజులు పప్పన్నం మోసింది. ఆ ప్రేమకి ఆవిడ ఈ చేపని రాగిణి చేతిలో పెట్టింది. నీళ్ళలో అది వచ్చే తీరు చూడాలి. కల్లు తాగినవాడిలా ఎడమ పక్కకి తూలుతూ వస్తుంది. ఏ షాపులో కొన్నదీ అలా రాదు. ఆ తూలుడుకి బాస్‌లు పడిచచ్చేవి.

2021 అక్టోబర్, లేక్ లేనియర్. ఒక్కసారి వేసి ఇచ్చేస్తానని బతిమాలి అడిగి తీసుకున్నాను. మూడో విసురుకే నీళ్ళ కింద మా మొద్దు వేరుకి చిక్కుకుంది. నిదానంగా విడిపించాల్సింది, లాగేశాను. లైను తెగింది. పోనీ తియ్యి అంది రాగిణి. ఇంటికొచ్చేదాకా కార్ అద్దం వైపు తిరిగి కూర్చుంది.

డిసెంబర్‌లో లేక్ నీళ్ళు బాగా దిగిపోయాయి. ఒక్కదాన్నే వెళ్ళాను. మొద్దు మొత్తం బయటపడి ఉంది. దాని వేరుకి వేలాడుతోంది చేప. మోకాళ్ళ లోతు బురదలో దిగి తీసుకున్నాను. హుక్కులు తుప్పు పట్టాయి గానీ చెక్కకి ఏమీ కాలేదు. సంతోషంతో పెద్దగా అరిచాను కూడా. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాను. మొదటి వారం మర్చిపోయాను. రెండో వారం బద్ధకించాను. మూడో వారం నుంచి అది దొంగతనమైంది.

ఎందుకు? నాకు కావాలనిపించింది. అంతే. ఇంకే కారణమూ లేదు. కొత్త హుక్కులు వేశాను. దొంగచాటుగా రెండుసార్లు ఆఫీస్ చెరువులో వేశాను. రెండుసార్లూ చేపలు పడ్డాయి. ఒక్కరికీ చెప్పుకోలేకపోయాను. ఖాళీ ఇంగువ డబ్బాలో పెట్టి, గరాజ్ షెల్ఫ్‌లో కందిపప్పు బస్తాల వెనక దాచాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

దీనికన్నా ఘోరం ఇంకోటుంది. అది ఇవాళ రాయలేను.

సెప్టెంబర్ 20, శనివారం

రాగిణి ఇల్లంతా అట్టపెట్టెలు. గిన్నెలు చుట్టడానికి సాయం చేశాను. నాకు ఏమిస్తున్నావు అని అడిగింది. ఇంకా తేల్చుకోలేదన్నాను. తనేమిస్తుందో తనకి తెలుసట, కానీ చెప్పదట. తర్వాత టేపు చింపుతూ, నా మొహం చూడకుండా అంది. ఆ చెక్కది ఉంటేనా, కండ్లు మూసుకొని నీకు అదే ఇచ్చేదాన్ని పద్దూ.

బాత్రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళ పంపు తిప్పి కూర్చున్నాను. తిరిగిచ్చేసుంటే ఇవాళ అది నాదయ్యేది.

సెప్టెంబర్ 21, ఆదివారం

రాస్తున్నాను.

2023 ఫిబ్రవరిలో డోరిస్ పోయింది. నేనూ రాగిణీ ఫ్యునరల్ హోమ్‌కి వెళ్ళాం. శవపేటిక తెరిచి ఉంది. డోరిస్‌కి ఎర్ర నెయిల్ పాలిష్ వేసి ఉంచారు. అది చూసి రాగిణి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె మొగుని చేప ఇయ్యాల నా దగ్గరుంటే ఆమె చేతుల పెట్టి పంపేదాన్ని అంది. నేను తన భుజం చుట్టూ చెయ్యి వేసి ఊరుకోబెట్టాను. నేనే. నా ఈ చేత్తోనే.

ఛీ.

సెప్టెంబర్ 22, సోమవారం

నవరాత్రులు మొదలు. అత్తయ్య తెల్లవారకముందే లేచి కలశం పెట్టింది. తొమ్మిది రోజులూ నీచు బంద్. చేపల పేరు ఎత్తొద్దంది. ఎత్తనన్నాను.

సెప్టెంబర్ 25, గురువారం

సాయంత్రం ఇంగువ డబ్బా పట్టుకుని రాగిణి ఇంటికి డ్రైవ్ చేశాను. డ్రైవ్‌వేలో ఆగాను. ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా అనుకున్నాను. ఈలోపు తనే తలుపు తీసింది. నీ కాసరోల్ మూత మా ఇంట్లో ఉండిపోయింది, ఇద్దామని వచ్చానన్నాను. మూత ఏదీ అంది. తేవడం మర్చిపోయానన్నాను. ఏమైంది నీకు ఈ మధ్య, సోయి లేకుండ తిరుగుతున్నవ్ అని నవ్వింది.

సెప్టెంబర్ 27, శనివారం

దొరికింది ఉపాయం! పొద్దున్న స్నానం చేస్తుంటే తట్టింది.

నాలుగో తారీఖు రాగిణి కంటే అరగంట ముందు వెళ్తాను. లేక్ నీళ్ళు ఇప్పటికే కాస్త దిగాయి, మొద్దు తల కనబడుతోంది. చేపని ఆ వేరుకి తగిలిస్తాను. రాగిణి వచ్చాక, అరే అదేంటది అంటాను. తనే చూస్తుంది. తనే తీసుకుంటుంది. ఎగిరి గంతేస్తుంది. ఎవరూ దొంగ కారు.

ఒక్కటే చిక్కు. హుక్కులు తళతళలాడుతున్నాయి. నాలుగేళ్ళు నీళ్ళలో ఉన్నట్టు లేవు. పాతవి ఎప్పుడో పారేశాను. అందుకని వీటిని తీసి వెనిగర్‌లో ఉప్పు వేసి నానబెట్టాను. అత్తయ్య గిన్నె మూత తీసి చూసి, పచ్చడి పెడుతున్నావా అని అడిగింది. ఆఫీస్ పనన్నాను. సాఫ్ట్‌వేర్‌లో వెనిగర్ పనేంటని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో.

సెప్టెంబర్ 28, ఆదివారం

తుప్పు ఇంకా రాలేదు. ఇవాళ మూడుసార్లు చూశాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

తుప్పు వచ్చింది. చేపకి ఆ హుక్కులు తగిలించి మళ్ళీ డబ్బాలో పెట్టి బస్తాల వెనక దాచాను. బ్రహ్మాండంగా ఉంది. అచ్చం లేక్ అడుగున పడున్నదానిలాగే ఉంది.

రాగిణి వాళ్ళు ఇవాళ కమ్యూనిటీ సెంటర్‌లో సద్దుల బతుకమ్మ ఆడుతున్నారు. రమ్మంది. తలనొప్పి అని మెసేజ్ పెట్టాను.

అక్టోబర్ 1, బుధవారం

అయిపోయింది. అంతా అయిపోయింది. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఇవాళ మా ఇంట్లో ఆయుధపూజ. అత్తయ్య నిన్నే చెప్పింది, ఇంట్లో ఎవరి పనిముట్లు వాళ్ళవి దేవుడి ముందు పెట్టాలని. పేరంటానికి రాగిణిని కూడా ఆవిడే పిలిచింది, ఊరొదిలి వెళ్ళే పిల్ల కదా, పసుపు కుంకుమ ఇచ్చి పంపాలని. నేను ఆరింటికల్లా వచ్చేస్తానన్నాను. 400 హైవే మీద ఆక్సిడెంట్, కార్లు కదల్లేదు. ఇంటికొచ్చేసరికి పావుతక్కువ ఏడు. గుమ్మంలో రాగిణి చెప్పులు.

దేవుడి ముందు తెల్ల దుప్పటి పరిచి ఉంది. శశికాంత్ డ్రిల్లు, స్క్రూడ్రైవర్లు, మిక్సీ, కత్తిపీట, రెండు లాప్‌టాప్‌లు, కార్ తాళాలు. నా టాకిల్ బాక్సులు తెరిచి, ల్యూర్లన్నీ వరసగా పేర్చి, ప్రతిదానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది అత్తయ్య. కప్పకి బొట్టు. బుట్టకమ్మలకి బొట్టు. మునక్కాడ ముక్కకి కూడా. అన్నిటికన్నా ముందు, తమలపాకు మీద, రెండు కళ్ళ మధ్య నిండా కుంకుమతో, చెక్క చేప.

పులిహోర పోపులోకి ఇంగువ అయిపోయిందట. గరాజ్‌లో వెతికితే పప్పు బస్తాల వెనక డబ్బా దొరికిందట. మూత తీస్తే ఇది. నేను వచ్చేసరికి ఆవిడ అదంతా రాగిణికి మురిసిపోతూ చెబుతోంది. మా కోడలు దీన్నొక్కదాన్నీ విడిగా దాచుకుందమ్మా, ఎంత ప్రాణమో చూడు, అందుకే పెద్దపీట దీనికే వేశాను అంటోంది.

రాగిణి వంగి చూసింది. ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. తర్వాత కూర్చుని ప్లేటులో పులిహోర మొత్తం తింది. ఇంగువ లేకున్నా మస్తు కుదిరింది అత్తమ్మా అంది. బొట్టు పెట్టించుకుంది. తాంబూలం తీసుకుంది. అత్తయ్య కాళ్ళకి మొక్కింది. నేను గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాను.

చెప్పులేసుకుంటూ, శనివారం ఆరింటికే కదా అంది. గొంతు మామూలుగానే ఉంది. తిట్టినా బాగుండేది.

అత్తయ్య మీద అరవబోయాను. వేళ్ళకి పసుపుతో, అన్నీ సరిగ్గా పెట్టానా అమ్మా అని అడుగుతోంది. పెట్టారు అత్తయ్యా అన్నాను.

అక్టోబర్ 2, గురువారం, దసరా

పద్నాలుగు మెసేజ్‌లు రాసి చెరిపేశాను. తన దగ్గర్నుంచి ఏమీ లేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

శశికాంత్‌కి మొత్తం చెప్పాను. ఒక చెక్కముక్క కోసం ఇంత గొడవేంటి, ఎవరో ఒకరితో అలాంటిది చేయించి ఇద్దాం అన్నాడు. నేను వేరే గదిలోకి వెళ్ళిపోయాను. కాసేపయ్యాక తలుపు దగ్గరికి వచ్చి, పోనీ నేను కూడా రానా అన్నాడు. వద్దన్నాను.

అక్టోబర్ 4, శనివారం

ఆరింటికి ఇంకా చీకటిగానే ఉంది. లేక్ మీద పొగమంచు. రాగిణి నాకంటే ముందే వచ్చి మొద్దు పక్కన నిలబడి ఉంది. రాడ్ కట్టి సిద్ధంగా ఉంది గానీ విసరలేదు.

అంతా చెప్పాను. డిసెంబర్, బురద, సిగ్నల్ లేకపోవడం, మూడు వారాలు. దొంగచాటుగా రెండుసార్లు వేశానని కూడా చెప్పాను. వెనిగర్ సంగతి దాచేద్దామనుకున్నాను, అదీ చెప్పేశాను. ఇవాళ ఇదే చోట నిన్ను నమ్మించి నాటకం ఆడబోయానన్నాను. సారీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా వినబడిందో.

రాగిణి ఒక్కటే అడిగింది. డోరిస్ పోయిన రోజు అదెక్కడుండె?

ఇంగువ డబ్బాలో అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగేండ్ల సంది నిన్ను ఒక్క మాట అనలే, నన్నే తిట్టుకున్న, పెద్దమనిషి పెట్టిన వస్తువు నిలుపుకోలేకపోతి అని అంది. డోరిస్‌కి ఎన్నోసార్లు సారీ చెప్పిందట. పోనీలే హనీ, వాల్టర్ చేసినవన్నీ చివరికి నీళ్ళకే పోయేవి అనేదట ఆవిడ. అట్ల ఆమెతోటి చెప్పించుకున్న గదనే నేను, వస్తువు నీ ఇంట్ల ఉండంగ అంది. తలొంచుకుని నిలబడ్డాను.

డబ్బా ఇచ్చాను. మూత తీసి వాసన చూసింది. ఇంగువ అంది. నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. మూత పెట్టి తన బాగ్‌లో వేసుకుంది.

ఊదా రంగు వర్మ్ కూడా తెచ్చాను. ఆ చెక్కది ఎలాగూ నీదే, నాదంటూ ఉన్నవాటిలో నాకు ప్రాణం ఇదే అని చెప్పాను. తీసుకుంది. తోక చూసింది. తన బాక్స్ తెరిచి, ఏదో పట్టుకుని, మళ్ళీ మూసేసింది. నాది ఇయ్యబుద్ధైతలేదు ఇయ్యాల అంది.

న్యాయమే.

అయినా వెంటనే వెళ్ళిపోలేదు. గంటసేపు పక్కపక్కనే ఫిషింగ్ చేశాం, పది అడుగుల దూరంలో. తనకొకటి పడింది, రెండు పౌన్లుంటుంది. ఎప్పటిలాగే నేను చేప దవడ పట్టుకున్నాను, తను హుక్కు తీసింది. చేతులు తగిలాయి. ఇద్దరం చేపనే చూశాం. నీళ్ళలో పెట్టి వదిలేసింది.

రేపు పంపించడానికి రాకు అని చెప్పి కార్ ఎక్కింది.

అక్టోబర్ 5, ఆదివారం

వెళ్ళలేదు. పది గంటలకి ట్రక్కు బయల్దేరి ఉంటుంది.

అక్టోబర్ 11, శనివారం

పొద్దున్న ఐదింటికే మెలకువ. రాడ్ కార్‌లో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. లేక్ దాకా వెళ్ళి, పార్కింగ్‌లో కూర్చుని వచ్చేశాను.

అక్టోబర్ 18, శనివారం

ఇవాళ విసిరాను. కప్ప మీదికి ఒకటి వచ్చింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి లాగాను. పడింది! పక్కకి తిరిగి కేక పెట్టబోయాను. అక్కడెవరున్నారు?

ల్యూర్లకి బొట్లు అలాగే ఉన్నాయి. ప్లాస్టిక్ వర్మ్‌లకి పట్టిన పసుపు ఎంత కడిగినా పోవడం లేదు.

నవంబర్ 2, ఆదివారం

నెలవుతోంది. ఏమీ లేదు. హాపీ దీపావళి అని పెడితే దీపం బొమ్మ ఒకటి వచ్చింది. దాన్నే పదిసార్లు చూశాను.

నవంబర్ 15, శనివారం

పోస్టులో పార్సిల్. లోపల మా ఇంగువ డబ్బా. ఆష్‌బర్న్‌లో ఇంగువ దొరకదనుకున్నా, మనకే పంపిందే అంది అత్తయ్య.

మూత తీస్తే చెక్క చేప. తుప్పు హుక్కులు లేవు, కొత్తవి. బొట్టు తుడవలేదు. మూత లోపల మార్కర్‌తో రాసి ఉంది: ఏప్రిల్ దాంక నీది, ఆ తర్వాత నాది. నువ్వే తెచ్చియ్యాలె, పోస్టుల పంపితే ఊకోను.

ఏప్రిల్‌కి లీవ్ పెట్టాను.